ఆకాశ్ బిగించని డబ్బా

శామీర్‌పేట దాటి కరీంనగర్ రోడ్డు మీద కొంచెం ముందుకు పోతే అలియాబాద్ వస్తుంది. అక్కడ రోడ్డు దిగి, కొత్తగా లేచిన కాలనీ ప్రహరీ వెంట నడిస్తే, ప్రహరీ అయిపోయిన చోట నాలుగు రేకుల ఇళ్లు కనబడతాయి. మూడో ఇల్లు లింగానిది. చెరువులో చేపలు పట్టి బతికే మనిషి. ఇంటి ముందు వల ఆరేసే దండెం ఉంది, గోడకు ఆనించిన థర్మాకోల్ తెప్ప ఉంది. పక్కనే పందిరి కింద ఒక తెల్ల కారు. దాని తలుపుల లోపలి అట్టలు నాలుగూ ఊడదీసి ఉన్నాయి. డిక్కీ తెరిచి ఉంది. వైర్లు బయటికి వేలాడుతున్నాయి.

ఆ కారు ఆకాశ్‌ది. లింగం, శివమ్మలకు ఒక్కడే కొడుకు. తుర్కపల్లి మందుల కంపెనీల ఉద్యోగులను ఇళ్ల దగ్గర ఎక్కించుకుని, డ్యూటీకి దింపి, మళ్లీ తెచ్చి వదిలేవాడు. చెరువులో పడి పోయాడు. పోయి ఆ రోజుకు పదకొండో రోజు.

మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. లింగానికి అన్న అయిన కుర్మయ్య ప్రహరీ మీద మోదుగాకు విస్తరి పెట్టి, అన్నం, కోడికూర, ఉడికిన గుడ్డు వడ్డించాడు. చేతులు జోడించి మూడుసార్లు గట్టిగా పిలిచాడు.

“ఆకాశ్... లింగం కొడుకా ఆకాశ్... అలియాబాద్ ఆకాశ్... రా బిడ్డా, తిను.”

దీన్ని పిట్టకు పెట్టడం అంటారు. పోయినవాళ్లు కాకి రూపంలో వచ్చి ముడితే తృప్తి పడ్డట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందని అర్థం. పేరు పెట్టి పిలవడానికీ ఒక కారణం ఉంది. మూడో రోజే శివమ్మ అడిగితే కుర్మయ్య చెప్పాడు. “ఇంట్ల దీపం వెడ్తం గదా. గా దీపం సూసుకుంట దిక్కులేనియి గూడ వస్తయ్ బిడ్డా. ఎవ్వరు బువ్వ వెట్టనియి. పేరు వెట్టి పిలిస్తే పక్కకు జరుగుతయ్. పేరు మర్సినమా, అవ్వే ముందటికొస్తయ్.” అప్పుడే ఇంకో మాట కూడా అన్నాడు. ఈ పదకొండు రోజులూ ఇంట్లో దేనికీ మూత పెట్టొద్దు. అన్నం కుండకు వద్దు, నీళ్ల బిందెకు వద్దు. తలుపు కూడా దగ్గరికి వేయొద్దు. పోయిన ప్రాణం ఇంట్లోనే తిరుగుతుంటుంది, ఎక్కడ దూరిందో మనకు తెలియదు, మూత పడితే అది అందులోనే ఉండిపోతుంది.

కరెంటు స్తంభం మీద ఒక కాకి వాలింది. విస్తరి వైపు చూసింది. మెడ వంచి మళ్లీ చూసింది. ముక్కు తీగకు రాసుకుని చెరువు వైపు ఎగిరిపోయింది.

మూడో రోజు ఇంతే. అయిదో రోజు ఇంతే. తొమ్మిదో రోజూ ఇంతే.

“కోడి వెట్టినం. కల్లు వోసినం. బిర్యాని అంటే పాణం ఇస్తడని గది గూడ తెచ్చి పెడ్తిమి,” అన్నాడు లింగం. కళ్లు ఎర్రగా ఉన్నాయి. “ఇంకేం గావాల్నే వీనికి?”

“ఏందో కొట్టుకుంటాంది లోపట. యాది జేస్కోండ్రి,” అన్నాడు కుర్మయ్య. “పొద్దు గుంకినంక పిట్ట రాదు. ఈ దినం దాటితే మల్ల పెట్టేది లేదు. ఇయ్యాల వండుడు గూడ ఒక్కపారే. ఇగ వాడు ఆకలితోనే తిరుగుతడు, శివమ్మా.”

శివమ్మ గడపలో కూర్చుని ఉంది. పది రోజులుగా ఎవరికీ చెప్పని మాట ఒకటి ఆమె గొంతులో ముల్లులా ఉంది.

“నేను జెప్త బావా,” అంది. “వాడు ఒట్టు వెట్టుకున్నడు.”

కారులో పాటల సిస్టం పెట్టుకోవాలని ఆకాశ్‌కు చాలా రోజుల కోరిక. షాపులో బిగించుకుంటే అయిపోయేది. వాడలా కాదు, అన్నీ తన చేత్తోనే కావాలి. రాత్రి డ్యూటీ చేసి తెల్లారి వచ్చి, పడుకోవాల్సింది పోయి డ్రిల్లు పట్టుకుని కూర్చునేవాడు. నిద్ర లేకుండా బండి తోలితే ఏమవుతుందోనని శివమ్మకు దడ. ఆ సాయంత్రం పళ్లెంలో అన్నం పెట్టి తిట్టింది. “ఒక్కపారి ఇనే అమ్మా, తయారైనంక ముందుగాల్ల నిన్నే కూసోవెడ్త” అన్నాడు వాడు. “నేను సచ్చినా ఇనను. నీ డబ్బా తీస్కపోయి చెర్ల వడేయ్” అంది ఆమె. పళ్లెంలోకి పోతున్న వాడి చెయ్యి ఆగిపోయింది. “గట్లనా? నువ్వు బండ్ల కూసోని ఇనేదాంక నీ చేతి బువ్వ ముట్ట, పో.”

లేచి, నాయిన తెప్ప వేసుకుని చెరువులోకి పోయాడు. రెండో రోజు నాయిన వలలోనే దొరికాడు.

శివమ్మ చెప్పడం అయిపోయింది.

“మరి ఇన్ని రోజులు నోట్ల ఏం వెట్టుకున్నవే?” అన్నాడు లింగం. తిట్టులా అనబోయి, ఏడుపులా అన్నాడు.

“పరేషాన్ గాకుండ్రి. పొద్దున్నది ఇంకా,” కుర్మయ్య లేచాడు. “సిస్టం మోగిపియ్యుండ్రి. గా శివమ్మ ఇనాలె. నేను కల్లు తెస్త.”

మోగించేది ఎవరు? లింగానికి వల అల్లడం తప్ప వైరు సంగతి తెలియదు. కాలనీలో ఉండే వెంకటరామయ్య దగ్గరికి పరుగెత్తాడు. ఆయన గుంటూరు వైపు ఒక కాలేజీలో సైన్సు ల్యాబు చూసుకుని రిటైరయిన మనిషి. ఆకాశ్ ఆయన్ను ఆసుపత్రికి తీసుకుపోయేవాడు. స్పీకరు పెట్టే డబ్బా కొలతలు ఇద్దరూ కలిసే గీసుకున్నారు. ఆయన లుంగీ మీదే వచ్చేశాడు, చేతిలో టెస్టరు, వెండికమ్మల కళ్లజోడు.

“సగం పైన చేసే పెట్టాడమ్మా నీ కొడుకు. బ్యాటరీ వైరు లాగాడు, ఫ్యూజు వేశాడు, తలుపుల్లో స్పీకర్లు పెట్టాడు. ఆంప్లిఫయరు కలపాలి, వూఫరు, అదే బేస్ కొట్టే పెద్ద స్పీకరు, దాని డబ్బా మూసి పెట్టాలి. మూడు గంటల పని. డబ్బా ఏదీ?”

డబ్బా ఇంట్లో దీపం పక్కన ఉంది. ఆకాశ్ వస్తువులన్నీ అక్కడే పెట్టారు. చొక్కా, చెప్పులు, ఫోను, వాడు ప్లైవుడ్ కోసి కట్టిన ఆ డబ్బా. ఐదు వైపులు బిగించి ఉన్నాయి, ముందు పలకకు అన్నం పళ్లెమంత గుండ్రటి రంధ్రం. వెనక పలక మాత్రం విడిగా ఉంది. శివమ్మే పోయి ఎత్తుకొచ్చింది. వట్టి డబ్బా... ఎత్తగానే నడుము పట్టేసింది. లోపలి నుంచి చెరువు వాసన వచ్చింది. గుర్రపుడెక్క కుళ్లిన వాసన. కొడుకు చెప్పులు పక్కనే ఉన్నాయి కదా, వాటిదేలే అనుకుంది.

వెంకటరామయ్య వెనక పలక అటూ ఇటూ తిప్పి చూశాడు. “కోశాడు. బెజ్జాలు వేశాడు. స్క్రూలు కూడా లెక్కగా పొట్లం కట్టి పెట్టాడు. నేను బిగిస్తానంటే వద్దన్నాడు. ఆ పలక మాత్రం ఇప్పుడే వద్దు సార్ అన్నాడు. ఎందుకురా అంటే చెప్పలేదు.”

సిలికాన్ గొట్టం ముక్కు కోసి, లోపలి మూలల వెంట తెల్లటి ముద్ద పిండుతూ పోయాడు. చేతులు పనిలో ఉంటే నోరు పాఠంలో పడుతుంది ఆయనకు.

“వూఫరు ముందుకు ఎంత గాలి తోస్తుందో, వెనక్కీ అంతే తోస్తుంది లింగం. ఆ రెండూ కలిశాయా, చప్పుడు చచ్చిపోతుంది. అందుకని వెనక గాలిని డబ్బాలో బంధించాలి. సూది బెజ్జం కూడా ఉండకూడదు.”

“బంధించుడా సారూ?” అంది శివమ్మ. “మూత వెట్టొద్దన్నడు మా బావ.”

“ఆయన అన్నది కుండల సంగతమ్మా. ఇది మూయకపోతే మోగదు. వాడు కోరింది మోగాలనే కదా?”

శివమ్మ వీధి వైపు చూసింది. కుర్మయ్య ఇంకా రాలేదు. ఎండ పందిరి కిందికి జారుతోంది.

“మూయుండ్రి సారూ,” అంది.

పదహారు స్క్రూలు. ఒక్కొక్కటి దిగుతుంటే ప్లైవుడ్ కీచుమంది. తరువాత రంధ్రంలో వూఫరు కూర్చోబెట్టి దాన్నీ బిగించి, డబ్బాను డిక్కీలో పెట్టారు. ఇక ఆ డబ్బాలోకి చీమ కూడా దూరలేదు.

మొదటిసారి ఆన్ చేస్తే అన్ని స్పీకర్లలోనూ సన్నటి కూత. దోమ చెవిలో దూరినట్టు. “ఎర్త్ వైరు కింద రంగు సరిగ్గా గీకలేదు,” అన్నాడు వెంకటరామయ్య. లింగం చేపల పొలుసు తీసే కత్తి తెచ్చి, డిక్కీ అడుగున రేకు తెల్లగా మెరిసేదాకా గీకాడు. వైరు మళ్లీ బిగించారు. కూత ఆగింది.

ఐదు దాటుతుండగా అంతా సిద్ధమైంది.

“రా శివమ్మా. కూర్చో.”

ముందు సీట్లో కూర్చుంది. కొడుకు పోయాక ఆ కారు ఎక్కడం అదే మొదలు. వెంకటరామయ్య తలుపు మూసి, కిటికీలోంచి చెయ్యి పెట్టి మీట నొక్కాడు. ఆకాశ్ పెట్టి ఉంచిన పెన్‌డ్రైవ్‌లో ఒకే ఒక్క పాట ఉంది.

మొదట నీళ్లలో అడుగుల చప్పుడు. తరువాత ఒక ఆడమనిషి గొంతు. నాటు వేస్తూ పాడుకునే పాట. సన్నగా, కొంచెం బొంగురుగా...

శివమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ గొంతు తనది. పోయిన వానాకాలంలో పొలంలో పాడుకుంటుంటే గట్టు మీది నుంచి ఫోనులో పట్టాడు. చివర వాడి నవ్వు కూడా ఉంది. “అమ్మా, ఇగో, ఈ గొంతు మస్తుంటది బేస్ల.”

“ఇన్న బిడ్డా,” అంది శివమ్మ. “ఇన్నరా కొడకా. నా తప్పే. ఇగ తిను.”

కారు దిగి గోడ దగ్గరికి పరుగెత్తింది. కుర్మయ్య కల్లుతో వచ్చి ఉన్నాడు. కుండలో మిగిలిన అన్నమంతా ఊడ్చి విస్తరిలో పెట్టాడు. మూడుసార్లు పేరు పిలిచాడు. అందరూ పది అడుగులు వెనక్కి వచ్చి నిలబడ్డారు.

కాకి రాలేదు.

సూర్యుడు కాలనీ మేడల మీదికి దిగాడు. కరీంనగర్ రోడ్డు మీద బస్సులు లైట్లు వేసుకుంటున్నాయి. చెరువు వైపు నుంచి ఎక్కడో దూరంగా ఒక కాకి అరిచింది. ఇంకో పావుగంట... అంతకన్నా లేదు.

“ఇన్న గదా,” శివమ్మ గొణిగింది. “ఇన్న గదరా...”

అప్పుడు చప్పుడైంది.

డుబ్.

కారు డిక్కీలోంచి. మెల్లగా, మెత్తగా. లోపలి నుంచి అరచేత్తో తట్టినట్టు.

“ఆపేశాక ఆంప్లిఫయర్లో కొంచెం కరెంటు నిలవుంటుందమ్మా. అది దిగేటప్పుడు ఒకసారి కొడుతుంది,” అన్నాడు వెంకటరామయ్య.

డుబ్. డుబ్.

“ఒకసారే కొట్టాలి...” ఆయన గొంతు తగ్గింది. బానెట్ ఎత్తి బ్యాటరీ తీగ ఊడదీశాడు. డిక్కీ దగ్గరికి వచ్చి వూఫరుకు పోయే వైర్లు రెండూ లాగేశాడు. రాగి పోగులు గాలిలో వేలాడాయి.

డుబ్.

వూఫరు నల్లటి అట్ట మెల్లగా బయటికి ఉబ్బింది. లోపలికి పోయింది. మళ్లీ ఉబ్బింది. ఊపిరి తీసినట్టు.

తరువాత గుసగుస. అట్ట వెనక నుంచి. తడి గుసగుస.

“...ఆకలి...”

లింగం చేతిలో కత్తి కింద పడింది.

“కొడుకు! నా కొడుకు!” శివమ్మ డబ్బా మీద పడింది. “మూత వెట్టినం బావా! వాణ్ని లోపట వెట్టి బిగిచ్చినం!”

కుర్మయ్య డిక్కీ దగ్గరికి ఉరికాడు. “వద్దని జెప్తిని గదనే! తియ్యుండ్రి! జల్దీ తియ్యుండ్రి!”

వెంకటరామయ్య వూఫరు స్క్రూలు విప్పసాగాడు. స్క్రూడ్రైవరు జారుతోంది. ఒక స్క్రూ. రెండు. లోపల గోకుతున్న చప్పుడు... ఐదు. ఆరు. గోకడం ఆగింది. వినడానికి ఆగినట్టు. చివరి స్క్రూ ఊడగానే వూఫరు దానంతటదే ముందుకు జరిగింది. లింగం దాన్ని లాగి పక్కన పడేశాడు.

గుండ్రటి చీకటి. చల్లటి గాలి వచ్చి మొహాలకు తగిలింది. చెరువు అడుగు బురద వాసన.

లోపల ఏమీ కనబడలేదు.

“...ఆకలి...”

శివమ్మ ఆగలేదు. గోడ దగ్గరికి ఉరికి విస్తరి విస్తరే ఎత్తుకొచ్చింది. పొద్దు అంచు మిగిలింది. కుర్మయ్య ఏదో అరుస్తున్నాడు, ఆమెకు వినబడలేదు. గుప్పెడు అన్నం తీసి చెయ్యి రంధ్రంలో పెట్టింది. మోచేతి దాకా.

“తిను బిడ్డా. తిను. అమ్మను. తిను నాయినా.”

అరచేతి కింద చల్లగా ఏదో తగిలింది. పెదవులు. అన్నం పోయింది. ఇంకో గుప్పెడు. అదీ పోయింది. కోడికూర. గుడ్డు. ప్రతిసారీ ఆ నోరు ఆమె వేళ్ల సందులు కూడా నాకింది. చివరి మెతుకు దాకా. పళ్లు తగిలాయి ఒకసారి... చిన్న చిన్నవి, చింతగింజల్లా. ఆమె ఆ సంగతి ఆలోచించలేదు. నవ్వుతోంది. ఏడుస్తోంది.

“తిన్నడు. ఏమయ్యా, తిన్నడు! నా చేతి బువ్వ ముట్టిండు!”

విస్తరి నున్నగా మిగిలింది. డబ్బాలో చప్పుడు లేదు. చల్లగాలి ఆగిపోయింది. లింగం నేల మీద కూలబడి ఏడ్చాడు. వెంకటరామయ్య కళ్లజోడు తీసి పదేపదే తుడుచుకున్నాడు.

కుర్మయ్య ఒక్కడే కాసేపు శివమ్మ వైపు అనుమానంగా చూశాడు. ఏదో అడగబోయి మానుకున్నాడు. ఆ తల్లి మొహం చూశాక ఎవరికైనా అడగబుద్ధి కాదు. ఇంట్లోకి పోయి దీపం కొండెక్కించాడు. దీపం పక్కన గ్లాసులో పెట్టిన నీళ్లు గడప అవతల పారబోశాడు. “అయిపాయె. ఇగ మళ్లి సూడకుండ్రి,” అన్నాడు. ముగ్గురు మగవాళ్లూ స్నానానికి బోరు దగ్గరికి నడిచారు.

శివమ్మ విస్తరి మడిచి కింద పెట్టి, డిక్కీ మూయబోయింది. మూసేముందు, కొడుకు చేతి పని ఒక్కసారి చూసుకోవాలనిపించింది. ఫోను లైటు వేసి రంధ్రంలోకి వంగింది.

ప్లైవుడ్ పొడిగా ఉంది. నాలుగు మూలల వెంట సారు పెట్టిన తెల్ల సిలికాన్ గట్టిపడి ఉంది. అందులో గుంటలున్నాయి. పచ్చిగా ఉన్నప్పుడు నొక్కిన వేళ్లు. ఒకటి, రెండు... ఐదు. ఇటు ఐదు. మూల మూలకూ ఉన్నాయి. బయటికి దారి వెతికినట్టు.

శివమ్మ తన చిటికెన వేలు ఒక గుంటలో పెట్టి చూసింది. పట్టలేదు.

ఆకాశ్ చేతులు పెద్దవి. స్టీరింగు మొత్తం ఒక్క చేత్తో తిప్పేవాడు.

ఆమె నిలబడిపోయింది. గోడ దగ్గర కుర్మయ్య మూడుసార్లు పిలిచిన మాట చెవుల్లో మోగింది. ఆకాశ్... ఆకాశ్... ఆకాశ్... మరి తను? డబ్బాలో చెయ్యి పెట్టి తను ఏమని పిలిచింది? బిడ్డా అంది. నాయినా అంది. పేరు... పేరు అనలేదు.

గోడ మీద రెక్కల చప్పుడైంది.

కాకి. ఒక్కటే కాకి. వాన లేదు, అయినా నిలువునా తడిసి ఉంది. ఈకల నుంచి నీళ్లు కారుతున్నాయి. గోడ మీద విస్తరి ఉండాల్సిన చోటికి నడిచింది. ముక్కుతో అక్కడి సిమెంటు తడిమింది. మళ్లీ తడిమింది. తల ఎత్తి శివమ్మ వైపు చూసింది.

“ఆకాశ్...” అంది శివమ్మ. “ఆకాశ్, ఉండు బిడ్డా, ఉండు...”

విస్తరి విప్పింది. ఒక్క మెతుకు లేదు. కుండ దగ్గరికి పోయి చెయ్యి పెట్టి గీకింది. గోరు కిందికి కూడా ఏమీ రాలేదు. మళ్లీ పొయ్యి ముట్టించే వీలు లేదు. మేడల వెనక ఎర్రటి అంచు ఆరిపోయింది.

కాకి ఇంకా అక్కడే ఉంది. అయితే ఇప్పుడది శివమ్మ మొహం వైపు చూడటం లేదు. ఆమె నడుము పక్కన, కొంచెం కిందికి, చూస్తోంది. చూస్తూ చూస్తూ ఒక్కో అడుగు వెనక్కి వేసింది.

శివమ్మ కొంగును కింద నుంచి ఎవరో మెల్లగా లాగారు.